కసిమి కుండలో సగం లాడం

నేను ఒక ఎద్దు లాడాన్ని. పూర్తి లాడాన్ని కూడా కాదు, సగాన్ని. గుర్రపు డెక్క ఒకటే ముక్క కాబట్టి దానికి కాలికి ఒక లాడం చాలు. ఎద్దు గిట్ట నడిమికి చీలి ఉంటుంది, అందుకని దానికి ఒక్కో కాలికి రెండు సగాలు కొడతారు. నా రెండో సగం ఉన్నాడే, వాడి సంగతి చెప్పకుండా నా సంగతి చెప్పడం కుదరదు. చెప్పాలని నాకేమీ సరదా లేదు. ఏ మాట ఎత్తుకున్నా వాడే ముందుకొచ్చి నిలబడతాడు, పుట్టినప్పటి నుంచీ అంతే.

మమ్మల్ని చేసింది నాయుడుపేట దారిలో కొలిమి పెట్టుకున్న నరసాచారి. ఒకే కమ్మిని ఎర్రగా కాల్చి, రెండుగా తెగ్గొట్టి, ముందు వాడిని సాగగొట్టాడు. కొలిమి భగభగమంటున్నప్పుడు వాడు, వేడి కాస్త తగ్గాక నేను. వాడికి తీరిగ్గా నాలుగు మేకుల బెజ్జాలు పెట్టాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఇంట్లోంచి సంగటి చల్లారిపోతుందని కేక వినబడింది, మూడు పెట్టి లేచిపోయాడు. నవ్వకండి. ఒక్క మేకు తక్కువైతే ఎట్లా ఉంటుందో రాళ్ళ దారిలో నడిచిన లాడాన్ని అడగాలి.

మమ్మల్ని కొట్టించుకున్నవాడు గురవయ్య. వెంకటగిరి నుంచి కాళహస్తికి చింతపండు, మిరపకాయలు బండి మీద తోలేవాడు. అతని ఎద్దు పేరు మైలోడు. దాన్ని పడుకోబెట్టి, కాళ్ళు కట్టి, కుడి ముందు కాలికి మమ్మల్ని బిగించారు. వాడు లోపలి వైపు, నేను బయటి వైపు. బయటి వైపంటే దారిలో రాయీ రప్పా అంతా నాదే. లోపలి వాడు నీడపట్టున నడిచినట్టు నడిచాడు. బండి ఆగినప్పుడు గురవయ్య కాలెత్తి చూసి, "లోపలిది బాగుండాది, ఈ బయటిదే అరిగిపోయింది, ఏం ఇనుమో ఏమో" అనేవాడు. అరిగింది ఎందుకని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

ఏడాది తిరగకుండానే ఆ దారిలో లారీలు వచ్చాయి. బండి చెట్టు కింద నిలిచిపోయింది. మైలోడికి వయసు మీరింది, ఇక ఒట్టి కాళ్ళతో తిరగనిమ్మని గురవయ్య లాడాలన్నీ ఊడదీయించి, తక్కినవి పాత ఇనుముకు వేసి, మా ఇద్దరినీ గుడ్డలో మూటగట్టి దాచుకున్నాడు. మైలోడు పోయింది, తరువాత కొన్నాళ్ళకు గురవయ్యా పోయాడు. ఇంట్లో అన్నదమ్ములు ఎవరికేది కావాలో తీసుకుంటుంటే, కాళహస్తిలో కాపురమున్న కూతురు దేశమ్మ మాత్రం, "నాకు మా నాయన ఎద్దు లాడాలు చాలు" అని మా మూట కొంగున కట్టుకుని వచ్చేసింది.

దేశమ్మ అత్తగారిది కలంకారీ ఇల్లు. గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దే ఇల్లు. అత్త మునెమ్మ అక్కడ మహారాణి. కొడుకులు స్వర్ణముఖి ఇసుకలో గుడ్డలు ఉతికి ఆరేస్తారు, కోడళ్ళు రంగులు నింపుతారు, నల్ల గీత మాత్రం మునెమ్మది. ఆ ఇంట్లో నల్ల గీత ఒక్క చేతిదే ఉండాలని పట్టింపు. కొనేవాళ్ళూ చూసేవాళ్ళూ వచ్చి అడిగేది కూడా ఒకటే, "గీత ఎవరిది?" అని. రంగు ఎవరిదని అడిగినవాడిని నేను చూడలేదు.

దేశమ్మ మమ్మల్ని వసారా గూట్లో పెట్టుకుంది. ఒకనాడు మునెమ్మ కొత్త కుండ పెడుతోంది. నలుపుకు పాత ఇనుము కావాలి. ఉన్నది చాలక, చెయ్యి వెనక్కి చాపి గూట్లో తడిమింది. ఆ చెయ్యి ఒక్క బెత్తెడు పక్కకు పోయుంటే ఈ కథ వాడు చెప్పేవాడు, నేను వినేవాడిని. చేతికి తగిలింది నేను. తీసి కుండలో పడేసింది.

దేశమ్మ చూసి లబోదిబోమంది. "అత్తా! అది మా నాయన ఎద్దుది!"

"నాకేం తెలుసు మే, ఇనుమంటే ఇనుమే గదా. బెల్లం నీళ్ళలో పడినదాన్ని నడిమధ్యలో తీయగూడదు, కుండ అలుగుతాది. ఇంకోటి ఉండాది గదా, దాన్ని దాచుకో."

దాచుకుంది. ఎంత బాగా దాచుకుందనుకున్నారు! మిగిలినవాడిని గడప పైన ద్వారబంధపు చెక్కకు కొట్టించింది. శుక్రవారం శుక్రవారం వాడికి ఆముదం పూసి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టడం మొదలుపెట్టింది. వచ్చిన ఆడవాళ్ళు వాడికి దండం పెట్టి లోపలికి వచ్చేవారు. వాడు ఏం చేశాడని? లోపలి వైపు నడిచాడు, అంతే! కుండ వసారాలో ఉండేది కాబట్టి, మూత తీసినప్పుడల్లా నాకు ఎదురుగా కనిపించేది వాడి నిగనిగలాడే మొహమే.

నా గతి చెప్తాను వినండి. ఉత్త నీళ్ళలో ఇనుము పడితే ఏమవుతుందో మీకు తెలుసు. ఎర్రగా తుప్పు లేచి అడుగున బురదలాగా పేరుకుంటుంది. దాంతో గుడ్డకు మరక అవుతుంది గాని గీత రాదు. అవే నీళ్ళలో చెరకు బెల్లం, తాటి బెల్లం వేశారా, సంగతి మారిపోతుంది. రెండు రోజులకు నీళ్ళు బుసబుసమని పొంగుతాయి. వారం దాటేసరికి తీపి పోయి పులుపు దిగుతుంది. ఆ పులుపు నా ఒంటి మీది తుప్పును పట్టుకుని నీళ్ళలో కలిపేసుకుంటుంది. తుప్పు పోయిన చోట లోపలి ఇనుము బయటపడుతుంది, దాన్నీ నాకుతుంది. ఇరవై ఒక్క రోజులు అట్లా నాకించుకున్నాక తయారయ్యే నీటిని కసిమి అంటారు. అది నల్లగా ఉంటుందనుకుంటున్నారేమో, ఉండదు. పలచని టీనీళ్ళలాగా ఉంటుంది. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద దాన్ని గీస్తే, కరక్కాయ వగరు తగిలీ తగలగానే మీ కళ్ళ ముందే నల్లబడుతుంది. ఇక ఉతికినా పోదు, ఉడికించినా పోదు. "అబ్బ, కరక్కాయ మహిమ చూడండి" అంటారు జనం. కరక్కాయ మీద కూడా నాకు కడుపుమంటే, దాచుకోవడం ఎందుకు.

నేను అట్లా కుండకింత, కుండకింత కరిగిపోతుంటే, ఆముదం పూసుకున్న వాడికి ఒక్క తుప్పు చుక్క లేదు. నూనె ఉన్న చోట నీళ్ళు నిలవవు, గాలి ఒంటికి తగలదు. నీళ్ళూ గాలీ తగలకపోతే ఇనుము కన్నెపిల్లలాగా ఉండిపోతుంది. నాకూ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క శుక్రవారం ఎవరైనా ఆముదం పూస్తారేమోనని పన్నెండేళ్ళు చూశాను.

పన్నెండేళ్ళూ దేశమ్మ ఎరుపు నింపింది, పసుపు నింపింది, నీలం నింపింది. మునెమ్మ చేతికి వణుకు వచ్చింది. ఇక కలం తనకే వస్తుందని దేశమ్మ అనుకుంది. చిన్న కోడలు ప్రసూన ఇంట్లో అడుగుపెట్టి అప్పటికి రెండేళ్ళు. మునెమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి, చింతపుల్ల బొగ్గుతో చెరొక ఏనుగును గీయమంది. ప్రసూన ఏనుగు గుడ్డ మీంచి లేచి నడిచేటట్టు ఉంది. దేశమ్మ ఏనుగు పందికి తొండం పెట్టినట్టు ఉంది. కలం ప్రసూనకు పోయింది.

"అత్తా, పన్నెండేండ్లు చేసినాను. నా చేతి గీత ఒక్కటన్నా ఈ గుడ్డల మీద నిలవగూడదా?" అని దేశమ్మ అడిగింది.

"నీ రంగు లేకపోతే ఆ గీత బోడిది మే."

"అట్టయితే బోడిదే నాకియ్యి."

మునెమ్మ నవ్వేసి ఊరుకుంది. దేశమ్మ నవ్వలేదు. ఆ రోజు ఆమె మొహం చూసి, ఈ ఇంట్లో నా బాధ తెలిసిన మనిషి ఒకరు దొరికారని అనిపించింది నాకు.

ఆ ఏడు మార్గశిరం చివర్లో ఒక ఊరి శివాలయం వాళ్ళు శివరాత్రికి దేవుడి వెనక కట్టే తెర కావాలని వచ్చారు. సాలెపురుగు, పాము, ఏనుగు స్వామిని కొలిచిన మన ఊరి కథంతా దాని మీద ఉండాలి. ప్రసూన చేతికి అదే మొదటి పెద్ద పని. కొత్త కలం పట్టినవాళ్ళు తమ చేత్తోనే కుండలో బెల్లం వేయాలని ఆ ఇంటి ఆనవాయితీ. కుండ తిరిగి, అంటే నీళ్ళు కసిమిగా మారి, నలుపు వస్తే ఆ చెయ్యి కలిసివచ్చినట్టు, రాకపోతే ఆ చెయ్యి పనికిరానట్టు.

ఇనుమంతా కడిగి, ఎండలో పోసి తుప్పు పట్టించే పని దేశమ్మది. మధ్యాహ్నం ఎండలో చాప మీద మమ్మల్ని పరుచుకుని కూర్చుంది. మేకులు, గొలుసు ముక్కలు, విరిగిన కొడవలి, నేను. పక్కన ఆముదం గిన్నె ఉంది, శుక్రవారం కదా, గడప వాడికి పూయడానికి తెచ్చుకుంది. చాలాసేపు ఆ గిన్నె వైపే చూసింది. తరువాత గుడ్డపీలిక ముంచి, మమ్మల్ని ఒక్కొక్కరినే తీసుకుని పూయసాగింది. తుప్పు పట్టకుండా, పులుపు అంటకుండా, ఏ సందూ వదలకుండా.

నా ఒంటికి ఆముదం! గోరువెచ్చగా, జిడ్డుగా, కమ్మగా. ఆమె దుర్బుద్ధితో పూస్తోందని నాకు తెలుసు. తెలిసీ, గడప మీదున్న వాడి వైపు చూసి, "చూశావా?" అన్నాను. ఆ క్షణంలో ప్రసూన ఏమైపోయినా నాకు పట్టలేదు. ఉన్నమాట చెప్తున్నాను.

ప్రసూన స్నానం చేసి వచ్చి, దండం పెట్టుకుని బెల్లం వేసింది. నీళ్ళు దేశమ్మ చేతనే పోయించింది. మూత పడింది. ఇరవై ఒక్క రోజులు నేను ఆ బెల్లం నీళ్ళలో హాయిగా పడుకున్నాను. నీళ్ళు పులిశాయి, చుట్టూ తిరిగాయి, తడిమాయి, నా ఒంటి మీద ఆనలేక జారిపోయాయి.

మూత తీసిన రోజు ఇంటిల్లిపాదీ వసారాలో చేరారు. ప్రసూన కలం ముంచి కరక్కాయ గుడ్డ మీద గీసింది. అంట్లు కడిగిన నీళ్ళ చార వచ్చింది. ఇంకో గీత గీసింది. అదీ అంతే. ఆరేదాకా చూశారు. ఆరాక అదీ కనిపించడం మానేసింది.

ప్రసూన చేతిని తిప్పి చూసుకుంది, ఆ చేతికేదో అంటుకున్నట్టు. "నా చెయ్యి మంచిది గాదేమో అత్తా" అని మెల్లగా అంది. అక్కడే ఉన్న ఆమె మొగుడు తల దించుకున్నాడు. దేశమ్మ పైట చెంగు నలుపుతూ నిలబడింది.

మునెమ్మ కుండలో చెయ్యి పెట్టింది. దొరికింది నేనే, ఆమె చేతికి ఎప్పుడూ నేనే దొరుకుతాను. పైకి తీసి వెలుగులో పట్టుకుంది. నీళ్ళు నా మీద నిలవకుండా ముత్యాల్లాగా జారిపోయాయి. వేళ్ళతో రాసింది, వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఈ ఇండ్లో ఇనుముకి ఆముదం పూసేదెవురు?" అంది.

అందరి కళ్ళూ గడప పైకి పోయాయి, అక్కడి నుంచి దేశమ్మ మీదకి దిగాయి.

దేశమ్మ దబ్బున కూలబడింది. "నేనే అత్తా. నేనే పూసినాను. కుండ తిరక్కపోతే కలం నాకిస్తావనుకున్నా."

"నా చెయ్యి మంచిది గాదని ఊరంతా అనుకోవాలనేనా అక్కా?" అంది ప్రసూన. "నాకు చెప్పుంటే పోయేది గదా. అడిగితే ఇచ్చుండనా?"

"ఇచ్చుండవు" అంది దేశమ్మ, ఏడుస్తూనే.

ప్రసూన ఆలోచించి, "అవును, ఇచ్చుండను" అంది.

మునెమ్మకు ఆ కోపంలోనూ నవ్వొచ్చింది. "ఏడుపు చాలించు మే దేశమ్మా, ఆ కన్నీళ్ళు కుండలో పోసినా నలుపు రాదు. శివరాత్రికి ముప్పై దినాలు ఉండాది. చెడగొట్టినదానివి నువ్వే, బాగుజెయ్యి. చెయ్యలేదా, గుడి వాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ ఎదురుగా నిలబడి ఇదే మాట చెప్పు."

అప్పుడు మొదలైంది నా కష్టం. దేశమ్మ మమ్మల్ని నిప్పుల్లో కాల్చింది, జిడ్డు మంటై పోయేదాకా. బూడిదతో తోమింది, కుంకుడు రసంతో తోమింది. నా ఇరవై ఒక్క రోజుల ఆముదం నా కళ్ళ ముందే పొగై పోయింది. ఆ తరువాత ఎండలో పోసి ఉప్పునీళ్ళు చల్లుతూ, ఆరబెడుతూ, మళ్ళీ చల్లుతూ నాలుగు రోజులు కూర్చుంది. అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంది. మాకు ఎర్రగా, గరుకుగా తుప్పు లేచింది. అయితే సన్న మేకులు, గొలుసు ముక్కలు నిప్పుల్లో పొలుసులు పొలుసులుగా రాలిపోయాయి. కుండకు ఇనుము చాలలేదు.

దేశమ్మ లేచి గడప దగ్గరికి వెళ్ళింది. స్టూలు వేసుకుని ఎక్కింది.

"వద్దులే అక్కా, పక్కింట్లో అడుగుదాం" అంది ప్రసూన.

"పక్కింటోళ్ళు ఇస్తారా? మన కుండ చెడిందని తెలిస్తే ఊరంతా పండగ చేసుకుంటారు."

రాయితో కొట్టి మేకులు ఒక్కొక్కటే పీకింది. నాలుగు మేకులు, అందుకే చాలాసేపు పట్టింది. వాడు చేతిలోకి వచ్చాక, పైట చెంగుతో ఆ కుంకుమ తుడిచి, ఒకసారి బుగ్గకు ఆనించుకుని, నిప్పుల్లో వేసింది. ఆ మొహం చూస్తే నాకు జాలి కలగాలి. కొంచెం కలిగింది కూడా. కానీ నిప్పుల్లో వాడి ఆముదం చిటపటలాడుతుంటే, నా కడుపు చల్లబడింది.

పాత కసిమి సీసా అడుగున కొంచెం ఉంటే, పాలకు తోడు వేసినట్టు దాన్ని కుండలో వేసింది మునెమ్మ. బెల్లం మాత్రం ఇద్దరు కోడళ్ళ చేతా వేయించింది. వాడు వచ్చి నా పక్కన పడ్డాడు. ఇన్నేళ్ళ తరువాత కలిశాం, ఏమంటాడోనని చూశాను. వాడన్న మొదటి మాట ఇది:

"ఇక్కడ పసుపు ఎప్పుడు పెడతారు?"

పన్నెండు రోజులకే కుండ తిరిగింది. మునెమ్మ ఒక బొట్టు కరక్కాయ గుడ్డ మీద వేసింది. అది అట్లా పరుచుకుంటూ, గోధుమ రంగు దాటి, బూడిద రంగు దాటి, కాకి రెక్కలాగా నల్లబడింది. "కొత్త ముక్క చలవ" అంది మునెమ్మ వాడిని చూసి. "ఎంత దిట్టమైన ఇనుమో!" ఎన్నో కుండలు నాకించుకున్నది నేను. మెచ్చుకోలు నిన్నగాక మొన్న వచ్చినవాడికి.

తెర గుడ్డ పరిచారు. ప్రసూన కలం తీసుకుంది, ముంచింది, వంగింది. వంగినదల్లా ఆగి, లేచి, కలాన్ని దేశమ్మ ముందుకు చాచింది.

"మొదటి గీత అక్క గీస్తాది."

ఆ కళ్ళలో ఉన్నది దయో, చూద్దాం నీ చేతి పనితనం అన్న మంటో నాకు ఈనాటికీ తెలియదు. రెండూ ఉన్నాయేమో. దేశమ్మకు కూడా తెలియలేదు. కానీ వద్దనలేకపోయింది. పన్నెండేళ్ళుగా ఆశపడిన వస్తువు ఎదురుగా ఉంటే ఎవరు వద్దంటారు?

పైనుంచి కిందికి తిన్నగా ఒక గీత. మండపం స్తంభం కోసం. చేయవలసింది అంతే. దేశమ్మ ఊపిరి బిగబట్టి మొదలుపెట్టింది. జానెడు దూరం తిన్నగానే వచ్చింది. తరువాత వేళ్ళు బిగుసుకున్నాయి, కలం చుట్టూ కసిమి పట్టి ఉంచడానికి కట్టిన ఉన్ని నొక్కుకుపోయింది, గీత కుడికి వంగింది, సర్దుకోబోతే ఎడమకు పోయింది. వణుకుతూ వణుకుతూ, ఎక్కడో ఆగిపోయింది. చూస్తుండగానే అది నల్లబడింది. కసిమి గీతను చెరపడం దేవుడి వల్ల కూడా కాదు.

దేశమ్మ కలం కింద పెట్టి, "పన్నెండేండ్లు ఏడ్చింది దీనికా" అంది.

ప్రసూన గుడ్డ చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ పక్కనుంచి చూసింది, ఈ పక్కనుంచి చూసింది. వంగి, గీత ఆగిన చోట ఒక చిన్న బొట్టు పెట్టింది, బొట్టుకు ఎనిమిది కాళ్ళు పెట్టింది. అంతే. స్తంభం కావలసినది సాలెపురుగు దారమైంది. స్వామికి గూడు కట్టడానికి పైనుంచి దిగుతున్న పురుగు, గాలికి ఊగే దారం.

"ఇదిగో, నీ గీత నిలిచింది" అంది మునెమ్మ. "దాని పక్కన స్తంభం ప్రసూన గీస్తాది, ఊరుకో."

కుండలో మేమిద్దరం మా పేచీ మొదలుపెట్టాం. ఆ దారంలో ఉన్న ఇనుము ఎవరిది? పులుపు ఎవరి ఒంట్లోంచి ఎంత తీసిందో దానికే లెక్కలేదు, మాకేం తెలుస్తుంది? చివరకు నేనే పెద్దమనసు చేసుకుని పంపకం చేశాను. మొదట్లో తిన్నగా ఉన్న జానెడూ నాది. వంకర మొదలైన దగ్గర నుంచీ వాడిది. వాడు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు. గెలిచాననుకున్నాను.

శివరాత్రికి రెండు రోజుల ముందు గుడి వాళ్ళు వచ్చారు. తెరను వసారాలో ఎత్తి పట్టారు. వాళ్ళలో ఒక ముసలాయన ఏనుగును చూశాడు, పామును చూశాడు, తల ఊపాడు. దారం దగ్గర ఆగిపోయాడు. వేలితో గాలిలో దాని వెంబడి పోయాడు.

"ఈ దారం గీసిందెవురమ్మా? ఇన్ని గుళ్ళలో తెరలు చూసినాను, ఇట్టా ఊగే దారం చూడలే. చూడు, ఈ వంపు దగ్గర గాలి కనబడతా ఉండాది."

దేశమ్మ ప్రసూన వైపు చూసింది. ప్రసూన గొంతు సవరించుకుంది.

"మా అక్క" అంది. ఆ రెండు మాటలూ పళ్ళ మధ్య నుంచి రావడానికి కొంచెం సేపు పట్టింది.

తెర వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం ప్రసూన ఒక పాత గుడ్డ ముక్క తీసుకుని వసారాలో కూర్చుని వంకర దారాలు గీసింది. ఒకటి గీసింది, కాదనుకుంది, ఇంకోటి గీసింది. ఆమె చెయ్యి ఎంత వణికిద్దామన్నా వణకదు. అన్నీ అందంగా, తీరుగా వచ్చాయి. ఒక్కదానిలోనూ గాలి లేదు. గుమ్మంలో కూర్చుని కరక్కాయలు దంచుతున్న దేశమ్మ ఓరకంట చూసి, ఏమీ అనకుండా, రోకలి కొంచెం హుషారుగా వేయసాగింది.

కుండలో నా పక్కవాడు కూడా ఏమీ అనలేదు. వాడు అనకపోవడమే నాకు మంట. నేనిప్పుడు చింతాకంత పలచబడ్డాను. మూడు మేకుల బెజ్జాలూ కలిసి ఒక్క కంతైపోయాయి. ఇంకొక కుండ వస్తానో, రెండు వస్తానో. వచ్చినన్నాళ్ళూ, గీసిన ప్రతి గీతలోనూ నేనున్నానని సంబరపడే గుణం నాకు రాలేదు, ఇక రాదు. ఒకటి మాత్రం మీ అందరి ముందూ చెప్తున్నాను, వాడు కూడా వింటే వినుగాక. ఆ రోజు చేసిన పంపకం నేను ఒప్పుకోను. వంకర నాది.